పొరుగింటి దీపం, మన ఇంటి నిద్ర



ఇరుగుపొరుగుల మధ్య తగాదాలు చాలావరకు పెద్ద విషయాల మీద రావు. గోడ మీదుగా వాలిన మునగ కొమ్మ, వాకిట్లోకి పారిన కడుగునీళ్లు, గేటుకు అడ్డంగా నిలిపిన స్కూటరు చాలు, ఇరవై ఏళ్ల స్నేహం తెగిపోవడానికి. ఈ జాబితాలో ఇటీవలి సంవత్సరాల్లో మరొకటి చేరింది. అది వెలుగు. పక్కింటివారు తమ గోడకు బిగించిన పెద్ద దీపం రాత్రంతా మన పడకగదిలోకి కొడుతుంటే ఏం చేయాలి? ఓర్చుకోవాలా? అడగాలా? ఫిర్యాదు చేయాలా? చూడడానికి ఇది చిన్న ప్రశ్న. కాని దాని వెనుక "నా గోడ మీద నేను ఏం పెట్టుకుంటే ఎవరికేం?" అనే పెద్ద ప్రశ్న ఉంది. క్రైస్తవ కుటుంబాలు ఆలోచించవలసిన ప్రశ్నే అది.

మౌలాలి సంగతే తీసుకుందాం. గుట్ట చుట్టూ బస్తీలు, హౌసింగ్ బోర్డు కాలనీ, రైల్వే క్వార్టర్లు, ఆ పక్కనే నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు. ఇక్కడ అందరూ ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేచేవారు కారు. లోకో షెడ్డులో పనిచేసేవారున్నారు, బండి నడిపేవారున్నారు, ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీ చేసేవారున్నారు. రాత్రి 11 గంటలకు ఇల్లు చేరి తెల్లవారుజామున 4 గంటలకు మళ్లీ బయలుదేరే మనిషికి ఆ మధ్యనున్న కొద్ది గంటలే రాత్రి. పాత వీధుల్లో ఇంటికీ ఇంటికీ నడుమ ఒక సందు మాత్రమే ఉంటుంది. అలాంటి చోట ఎదురింటి మేడ మీద నుంచి తెల్లని వెలుగు నేరుగా మంచం మీద పడితే, అది ఆ ఒక్క మనిషి బాధతో ఆగదు. నిద్రలేని కళ్లతో బండి ఎక్కే లోకో పైలట్ వెనుక వందల మంది ప్రయాణికులు ఉంటారు.

ఇంతకుముందు లేని ఈ తగాదా ఇప్పుడెందుకు వచ్చింది? మనుషులు చెడ్డవారైపోయారని కాదు. దీపం మారింది. వెనుక వాకిట్లో 60 వాట్ల బల్బు వేలాడేది. దాన్ని రాత్రి 12 గంటలసేపు వెలిగిస్తే నెలకు 21 యూనిట్లకు పైగా కాలేది. అందుకే పెద్దలు "వాకిట్లో లైటు తీసెయ్యండర్రా" అని కేకేసి పడుకునేవారు. ఆ తర్వాత ఎల్‌ఈడీ వచ్చింది. నీలి కాంతినిచ్చే ఎల్‌ఈడీని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మరుసటి ఏడాదే మన దేశంలో ఉజాలా పథకం మొదలై తక్కువ ధరకు ఎల్‌ఈడీ బల్బులు ఇంటింటికీ చేరాయి. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నంలో, 2017 నుంచి హైదరాబాదులో వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీకి మారాయి. ఇది మేలే. కరెంటు ఆదా అయింది, చీకటి సందుల్లో ఆడపిల్లలు ధైర్యంగా నడిచే వీలు కలిగింది.

అయితే ఆదా అయినదాన్ని మనం ఏం చేశాం? పాత 60 వాట్ల బల్బు ఇచ్చినంత వెలుగు ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. దాన్ని రాత్రంతా వెలిగించినా నెలకు మూడు యూనిట్ల చిల్లరే కాలుతుంది. అక్కడితో ఆగినవారు తక్కువ. బజారులో 50 వాట్ల ఫ్లడ్ లైటు కూడా చవకగానే దొరుకుతున్నది కదా అని దాన్నే తెచ్చి బిగించారు. బిల్లు పాతదే వచ్చింది, వెలుగు మాత్రం సుమారు ఆరు రెట్లు పెరిగింది. చవకగా దొరికినదాన్ని మనిషి మితంగా వాడడం కష్టం. వెలుగు విషయంలోనూ అదే జరిగింది.

వెలుగు వల్ల హాని ఏముంటుంది అని కొందరు అడుగుతారు. దేవుడు మన శరీరాన్ని పగటికీ రాత్రికీ తగినట్లు రూపొందించాడు. కంటి లోపల చూపుకోసం గాక, పగలో రాత్రో మెదడుకు చెప్పడం కోసమే పనిచేసే కణాలు కొన్ని ఉన్నాయి. అవి నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. చీకటి పడగానే మెదడులో ఊరే మెలటోనిన్ అనే హార్మోను నిద్రకు దారి తీస్తుంది. రాత్రివేళ కంటిమీద వెలుగు పడితే అది తగ్గిపోతుంది. ఈ దేహ గడియారం ఎలా నడుస్తుందో కనుగొన్నవారికి 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తెల్లని ఎల్‌ఈడీలో నీలి కాంతి పాలు ఎక్కువ. అందుకే 2016లో అమెరికా వైద్యుల సంఘం వీధి దీపాలకు 3000 కెల్విన్ లేదా అంతకన్నా తక్కువ రంగు ఉష్ణోగ్రత, అంటే పసుపు ఛాయ వెలుగు, మంచిదని సలహా ఇచ్చింది. మన బజారులో ఎక్కువగా అమ్ముడయ్యే తెల్ల లైట్లు 6500 కెల్విన్‌వి. కనుక పక్కింటి లైటు వల్ల నిద్ర పట్టడం లేదని ఎవరైనా అంటే అది నెపం కాదు, చాదస్తం కాదు.

ఇక నైతిక ప్రశ్నకు వద్దాం. "దీపం నాది, గోడ నాది, కరెంటు బిల్లు నేను కడుతున్నాను" అనేది మొదటి వాదన. నిజమే. కాని దీపం ఉన్నచోటే వెలుగు ఆగదు. పొయ్యి నాదే అయినా పొగ పక్కింటికి పోతుంది. కుళాయి నాదే అయినా నీళ్లు పక్క వాకిట్లో నిలుస్తాయి. రేడియో నాదే అయినా పాట వీధంతా వినిపిస్తుంది. ఆస్తి హక్కు మన గడప లోపలి వస్తువు మీద ఉంటుంది. ఆ వస్తువు నుంచి బయలుదేరి ఇంకొకరి మంచం దాకా పోయేదాని మీద హక్కు ఉండదు, బాధ్యతే ఉంటుంది.

"ఇది దొంగల భయంతో పెట్టుకున్నాను" అనేది రెండో వాదన. ఇది మొదటిదానికన్నా బలమైనది. దీన్ని గౌరవంగా వినాలి. భర్త పోయి, పిల్లలు దుబాయిలోనో అమెరికాలోనో ఉండి, ఒంటరిగా ఇల్లు కనిపెట్టుకొని ఉన్న పెద్దావిడకు ఆ దీపం ఒక ధైర్యం. ఆమె భయాన్ని మనం తేలిక చేయరాదు.

పునీత తోమాసు అక్వినాసు గారు ఆత్మరక్షణను గూర్చి చెప్పిన ఒక సూత్రం ఇక్కడ పనికివస్తుంది. తన ప్రాణాన్ని కాపాడుకోవడం న్యాయమే. అయితే అందుకు అవసరమైనదానికి మించి బలం వాడితే అది న్యాయం కాదని ఆయన బోధించారు. ఉద్దేశం మంచిదైతే చాలదు, చేసిన పని ఆ ఉద్దేశానికి తగిన పాళ్లలో ఉండాలి. ఇల్లు కాపాడుకోవడం మంచి ఉద్దేశం. దానికి ఎంత వెలుగు అవసరం? ఏ వైపు అవసరం? ఎంతసేపు అవసరం? ఈ మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు వెదికితే తగాదాలో సగం తీరిపోతుంది. గేటు, తలుపు, మెట్లు కనిపించాలి. ఎదురింటి కిటికీ కనిపించనక్కర లేదు.

దీపాలు నేరాలను తగ్గిస్తాయా అన్నదాని మీద పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. న్యూయార్కులో 2016లో కొన్ని పేటల్లో పెద్ద దీపస్తంభాలు నిలిపి చూస్తే రాత్రివేళ ఆరుబయట జరిగే నేరాలు గణనీయంగా తగ్గాయి. ఇంగ్లాండు, వేల్సులలో వీధి దీపాలను తగ్గించిన ప్రాంతాలను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, అందువల్ల నేరాలు పెరిగిన దాఖలా కనిపించలేదు. కనుక దీపం వృథా అనీ చెప్పలేం, దీపం పెంచినకొద్దీ క్షేమం పెరుగుతుందనీ చెప్పలేం. మన కళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. నేరుగా కంట్లో కొట్టే దీపం వెనుక నిలబడిన మనిషి మనకు కనిపించడు. వెలుగు నేల మీద పడితే మనిషి కనిపిస్తాడు, కంట్లో పడితే దీపం మాత్రమే కనిపిస్తుంది.

మౌలాలి వారికి ఇది కొత్త పాఠం కాదు. రైలు పట్టాల పక్కన సిగ్నల్ దీపాలను చూడండి. ప్రతి దీపానికీ పైన ఒక గొడుగులాంటి రేకు ఉంటుంది. ఆ వెలుగు ఎదురుగా వచ్చే బండి డ్రైవరుకు కనబడాలి, చుట్టుపక్కల ఇళ్లకు కాదు. వరంగల్ రోడ్డు మీద పోయే లారీల వెనుక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాసి ఉంటుంది. రాత్రి ఎదురుగా బండి వస్తే మంచి డ్రైవరు పోలీసు ఉన్నాడా లేడా అని చూడడు, దీపం కిందికి దించుతాడు. దారి కనిపించడం తనకు ఎంత అవసరమో ఎదుటివాడికీ అంతే అవసరమని అతనికి తెలుసు. పొరుగు ధర్మం అంటే ఇదే. రోడ్డు మీద ఒక్క క్షణం ఎదురయ్యే అపరిచితుడికి దించే దీపాన్ని, జీవితమంతా పక్కనే ఉండే మనిషి కోసం దించలేమా?

"కిటికీకి కర్టెన్ వేసుకోవచ్చు కదా" అనేది మూడో మాట. ఇది సులువైన సలహా, కాని ఎవరు ఎవరికి ఇస్తున్నారో చూడాలి. ఏసీ పెట్టుకున్న ఇంటివారు తలుపులు, కిటికీలు మూసుకొని పడుకుంటారు. వారి గోడ మీది దీపం వారి కంట్లో పడదు. ఎదుట రేకుల ఇంట్లో మే నెల ఉక్కలో కిటికీ తెరుచుకొని పడుకున్నవారికి ఆ దీపం పడుతుంది. వారు కర్టెన్ వేసుకుంటే వెలుగుతో పాటు గాలి కూడా ఆగిపోతుంది. ఒకరి నిశ్చింతకు ఇంకొకరు గాలిని వెలగా కట్టవలసి రావడం న్యాయం కాదు. పైగా ఆ ఇంకొకరు తరచుగా పేదవారే. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన "లౌదాతో సీ" విశ్వలేఖలో నగరాల్లోని శబ్దాన్నీ, కంటికి కలిగే కాలుష్యాన్నీ కూడా మనుషుల బతుకును కుంగదీసేవాటిలో చేర్చారు.

అయితే ఇంతవరకు మనం దీపం పెట్టినవారి బాధ్యత గురించే మాట్లాడాం. బాధపడుతున్నవారికి బాధ్యత లేదా? ఉంది. చాలామంది దీన్ని మరచిపోతారు.

బాధపడేవారు సాధారణంగా మూడు దారులలో ఒకటి పడతారు. కొందరు ఊరుకుంటారు. కొందరు పగ తీర్చుకుంటారు, అంటే తామూ అంతకన్నా పెద్ద దీపం తెచ్చి ఎదురుగా బిగిస్తారు. కొందరు నేరుగా పోలీసు స్టేషనుకు పోతారు. రెండోది తప్పని అందరికీ తెలుసు. మూడోది తొందరపాటు. మొదటిదాన్ని మాత్రం మనం ఓర్పు అని, భక్తి అని పొగుడుతాం. అది నిజంగా ఓర్పేనా?

పొరుగువానిని నిన్నువలె ప్రేమించుమన్న ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉన్నదని మనకు తెలుసు. దానికి ముందు వచనంలో ఏముందో చదివినవారు తక్కువ. హృదయంలో సోదరుని ద్వేషించవద్దనీ, పొరుగువానికి అతని తప్పును ముఖాముఖిగా తెలియజెప్పమనీ, లేకపోతే ఆ పాపంలో మనకూ పాలు ఉంటుందనీ అక్కడ ఉంది. ప్రేమించమనే ఆజ్ఞకు ముందు చెప్పమనే ఆజ్ఞ వచ్చింది. రెండేళ్లు నోరు మెదపకుండా, రోజూ రాత్రి మంచం మీద దొర్లుతూ, "వీళ్లకు మనుషులంటే లెక్కలేదు" అని మనసులో తిట్టుకుంటూ, ఉదయం కనిపిస్తే ముఖం తిప్పుకుంటే అది ఓర్పు కాదు. అది ద్వేషాన్ని నిలవ చేయడం. అవతలివారికేమో అసలు సంగతే తెలియదు. వారు తమ గుమ్మంలో నిలబడి దీపాన్ని చూశారే గాని మన మంచం మీద పడుకొని చూడలేదు. తెలియని తప్పుకు మనం వారికి రోజూ శిక్ష వేస్తున్నాం. నిజమైన ఓర్పు చెప్పిన తర్వాత మొదలవుతుంది.

ఎలా చెప్పాలి? మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన వరుస ఉంది. మొదట ఒంటరిగా పోయి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకుపోవాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలపాలి. మనం ఈ వరుసను తలకిందులు చేస్తాం. ముందు కాలనీ వాట్సప్ గ్రూపులో ఫొటో పెడతాం, చివరకు ముఖాముఖి మాట్లాడతాం, అదీ కొట్లాటలో. నలుగురి ముందు పరువు పోయినవాడు తన తప్పును చూడలేడు, తన అవమానాన్నే చూస్తాడు.

రాత్రి కోపంతో తలుపు తట్టవద్దు. ఆదివారం పూజ తర్వాతో, సాయంత్రం ఎండ తగ్గాకో పొండి. "అన్నా, ఒక చిన్న మాట. మీరు లైటు పెట్టుకోవడం మంచిదే, మాకూ ధైర్యంగా ఉంది. కాని అది మా పాప మంచం మీదికి కొడుతున్నది. ఒక్కసారి రాత్రి 9 గంటలకు వచ్చి మా గదిలో నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది" అంటే చాలు. పెద్దావిడ అయితే "పెద్దమ్మా", పక్కవారు ముస్లిం సోదరులైతే "భాయ్". మన వీధుల్లో ఈ పిలుపులు ఇంకా బతికే ఉన్నాయి, వాటిని వాడుకోండి. వారిని మన గదికి పిలవడం ముఖ్యం. వాదన ఒప్పించలేనిదాన్ని ఆ గది ఒప్పిస్తుంది. పోయేటప్పుడు పరిష్కారం కూడా తీసుకుపొండి. దీపాన్ని నేలవైపు వంచవచ్చు. పైన ఒక రేకు ముక్క బిగించవచ్చు. తెల్ల బల్బు తీసి పసుపు ఛాయది, తక్కువ వాట్లది పెట్టవచ్చు. మనిషి కదిలితేనే వెలిగే సెన్సార్ దీపం కూడా బజారులో దొరుకుతున్నది. ఎలక్ట్రీషియన్ కూలి మనమే ఇస్తామని అనడం ఇంకా మంచిది. న్యాయం ప్రకారం మనం ఇవ్వనక్కర లేకపోవచ్చు, కాని ప్రేమ ఎప్పుడూ న్యాయం కన్నా ఒక అడుగు ముందుంటుంది.

అప్పటికీ వినకపోతే? కాలనీ పెద్దలున్నారు, సంక్షేమ సంఘాలున్నాయి. వీధి దీపమే ఇంట్లోకి కొడుతుంటే మున్సిపల్ వారికి చెప్పాలి. శబ్దం విషయంలో 2000లో వచ్చిన కేంద్ర నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లను అదుపు చేస్తున్నాయి. వెలుగుకు మన దేశంలో అలాంటి ప్రత్యేక నిబంధనలు రాలేదు. ఇంగ్లాండులో 2005 చట్టం ఇలాంటి వెలుగును అధికారులు చర్య తీసుకోదగిన ఉపద్రవాల జాబితాలో చేర్చింది. ఇక్కడ పొరుగువారి ఉపద్రవం మీద సివిల్ కోర్టుకు పోయే హక్కు ఉంది గాని, ఏళ్ల తరబడి సాగే దావా నిద్రను ఇస్తుందా, ఉన్న నిద్రను చెడగొడుతుందా అని ఆలోచించుకోవాలి. చిన్న సంఘాలు చేసుకోగలిగిన పనిని పెద్ద సంస్థలు లాక్కోరాదని 1931లో పదకొండవ పయస్ పోపుగారు తమ విశ్వలేఖలో బోధించారు. ఇద్దరు పొరుగువారు ఒక నిచ్చెన, ఒక రేకు ముక్కతో తీర్చుకోగల దానికి ప్రభుత్వం దాకా పోవడం చివరి మెట్టు కావాలి.

చెప్పవలసినదంతా చెప్పాక, అవతలివారి భయం మన నిద్రలేమికన్నా పెద్దదని తెలిస్తే, మంచాన్ని ఇంకో గోడవైపు జరుపుకోవడం కూడా క్రైస్తవ కార్యమే. అయితే అప్పుడు తెలిసి ఇచ్చినట్టు అవుతుంది గాని, మింగుకొని పడి ఉన్నట్టు కాదు. ఆ రెంటికీ ఎంతో తేడా ఉంది.

ఈ సమస్య రెండు ఇళ్లతో ముగిసేది కూడా కాదు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ హైదరాబాదులో నిజామియా నక్షత్రశాలను స్థాపించారు. తర్వాత అది బేగంపేటలో పనిచేసింది. ఆకాశ పటం తయారుచేసే అంతర్జాతీయ కృషిలో లక్షల నక్షత్రాల స్థానాలను అక్కడ లెక్కగట్టారు. అదే కృషిలో పోపుగారి వాటికన్ నక్షత్రశాల కూడా పాలుపంచుకుంది, అక్కడ మఠకన్యలు కూర్చొని నక్షత్రాలను కొలిచారు. రెండింటినీ ఒకే కష్టం తరిమింది. రోము నగరపు వెలుగు పెరగడంతో వాటికన్ నక్షత్రశాల 1930లలో కాస్తెల్ గాందోల్ఫోకు, అక్కడా వెలుగు చుట్టుముట్టాక 1981లో అమెరికాలోని అరిజోనాకు పరిశోధనను తరలించింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు నగరానికి దూరంగా రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నెలకొల్పారు. నగరపు వెలుగు క్రమంగా అక్కడికీ చేరింది. ఇందులో దోషి ఎవరు? పేరు పెట్టి చెప్పదగినవారు ఎవరూ లేరు. ప్రతి ఇల్లూ తన దీపం ఒక్కటే అనుకుంది. అన్ని ఒక్కటులూ కలిసి ఆకాశాన్ని కప్పేశాయి.

కనుక చివరి ప్రశ్న మన వైపే తిరుగుతుంది. మౌలాలి గుట్ట మీద రజబ్ నెలలో ఉర్సు జరిగినప్పుడు దర్గాకు దీపాలంకరణ చేస్తారు. పండుగ గడిచాక ఆ దీపాలు ఆరిపోతాయి. పండుగ వెలుగుకు ముగింపు ఉంటుంది, అందుకే అది అందరికీ సంతోషమవుతుంది. మన క్రీస్తు జయంతి నక్షత్రమూ అంతే. డిసెంబరులో కట్టిన సీరియల్ లైట్లు ఫిబ్రవరి దాకా పక్కింటి గోడ మీద మిణుకుతుంటే ఆ నక్షత్రం ఎవరినీ పశువుల పాక దగ్గరికి నడిపించదు. దేవాలయ శిఖరం మీది ఫ్లడ్ లైటు, మరియమాత గుహ ముందరి తెల్ల దీపం, పాఠశాల ఆటస్థలం దీపం ఎవరి కిటికీలోకి కొడుతున్నాయో మన విచారణ పెద్దలు ఒక రాత్రి గోడ అవతల నిలబడి చూడాలి. చుట్టుపక్కలవారు మొహమాటంతో మనకు చెప్పకపోవచ్చు. దేవుని మందిరం గదా అని భరిస్తూ ఉండవచ్చు.

దీపాన్ని కుంచము కింద పెట్టరు, దీపస్తంభం మీద పెడతారని ప్రభువు అన్నప్పుడు, అది ఇంట్లో ఉన్నవారందరికీ వెలుగివ్వడం కోసమని కూడా అన్నారు. వెలుగు మనుషుల కోసం. ఈ రాత్రి పడుకోబోయే ముందు ప్రతి కుటుంబం ఒక్క పని చేయవచ్చు. బయటికి వచ్చి, వీధి దాటి, ఎదురింటివారి గుమ్మంలో నిలబడి మన దీపాన్ని మనమే చూడవచ్చు. అది కంట్లో కొడితే, నిచ్చెన కోసం రేపటిదాకా ఆగనక్కర లేదు. స్విచ్ మన చేతిలోనే ఉంది.